దైవమును నమ్మనివాడు ధర్మాత్ముడు కాగలడా?



చండ్రుగొండలో శ్రీరామనవమి ఉపన్యాసము ముగిసి, పానకము, వడపప్పు పంచుచుండగా ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చినది. "స్వామీ, వీడు గుడికి రాడు, దండము పెట్టడు. వీని గతి ఏమి?" అని కంటతడి పెట్టినది. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించినప్పుడు ముంపు గ్రామములకు బియ్యపు బస్తాలు మోసిన పిల్లలలో అతడొకడని ప్రక్కనున్నవారు చెప్పినారు. "అయ్యా, నాకు నమ్మకము కలుగుట లేదు, నటించలేను. మంచిగా బ్రతుకుటకు మతము తప్పనిసరియా?" అని ఆ యువకుడు అడిగినాడు. అతనిని అన్నదాన సేవకులలో చేర్చుకొనవచ్చునా అని మా ట్రస్టు సభ్యులలో చర్చ కూడ జరిగినది. ఆనాడు తొందరలో ఏదియో చెప్పి పంపివేసితిమి. ఆ సమాధానము మాకే తృప్తినీయలేదు.

ముందుగా శాస్త్రమేమన్నదో చూతము. అహింస, సత్యము, దొంగిలింపకుండుట, శౌచము, ఇంద్రియనిగ్రహము, ఈ ఐదింటిని మనుస్మృతి నాలుగు వర్ణములకును సామాన్యధర్మముగా విధించినది. పూజ, వ్రతము, ఉపవాసము ఈ ఐదింటిలో లేవు. వేదధర్మమును నిలబెట్టిన కుమారిలభట్టు సృష్టికర్తయైన ఈశ్వరుని అంగీకరింపలేదు. మన జిల్లాల సంగతియే చూడుడు. భక్త రామదాసుగారు జన్మించిన నేలకొండపల్లిలోనే బౌద్ధ మహాస్తూపమున్నది. సృష్టికర్తను గూర్చి చెప్పక శీలమును గూర్చి చెప్పిన ధర్మము ఆ నేలమీద వర్ధిల్లినది. ఆ తరువాత ఎన్నో శతాబ్దములకు అదే నేలమీద రామభక్తుడు పుట్టినాడు.

రామదాసుగారి ప్రసక్తి వచ్చినది కనుక ఒక మాట. వారు పాల్వంచ తహసీల్దారుగా ఉండి సర్కారు పన్ను సొమ్ముతో భద్రాద్రిలో ఆలయము కట్టించి, గోలకొండ చెరసాల పాలైనారు. రామలక్ష్మణులు తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించినారని కథ. ఈ కథను మనము కన్నీటితో విందుము గాని ఒక సంగతి గమనింపము. స్వామి తలచుకొన్న తానీషా మనసు మార్చి బాకీ రద్దు చేయించలేడా? చేయించలేదు, లెక్కకు లెక్క కట్టినాడు. భక్తి ఎంత గొప్పదైనను పరుల సొమ్ము పరులకు చేరవలసినదే అని కథ చెప్పినవారికి తెలియును.

ఇక నమ్మకము లేనివారిలో మహనీయులున్నారా అనిన, దూరము పోనక్కరలేదు. గోరాగారని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1902లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, వృక్షశాస్త్ర అధ్యాపకులై, నాస్తికత్వము కారణముగా ఉద్యోగములు పోగొట్టుకొన్నారు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించినారు, 1947లో అది విజయవాడ పటమటకు మారినది. అంటరానితనము పోవలెనని సహపంక్తి భోజనములు నడిపినారు. తలరాత యను భావమే దీనుని దీనునిగా ఉంచుచున్నదని వారి వాదము. ఈ వాదమును మేము పూర్తిగా ఒప్పము. కర్మసిద్ధాంతము ప్రయత్నమును మానుమనలేదు. అయినను హరిజనులకు ఆలయ ద్వారములు మూసినవారు నాస్తికులు కారు, మనవారే. ఈ మాట పలుకుటకు సిగ్గుగానే ఉన్నది. పలుకకుండుట అంతకన్న సిగ్గు.

గోరాగారు సేవాగ్రామమునకు పోయి గాంధీమహాత్మునితో చర్చలు సాగించినారు. తమ పెద్ద కుమార్తె మనోరమగారిని హరిజన యువకుడైన అర్జునరావుగారికి ఇచ్చి వివాహము చేయ నిశ్చయించినప్పుడు, ఆ పెండ్లి తన ఆశ్రమములో జరిపింతునని మహాత్ముడు అంగీకరించినాడు. దైవమును నమ్మని ఇంటి పెండ్లికి దైవసాక్షి ఎట్లు? దేవుని పేరుకు బదులు సత్యమను మాట ఉంచుటకు ఆ రామభక్తుడు సమ్మతించినాడు. సత్యమే దైవమని 1931 నుండియే ఆయన చెప్పుచున్నాడు గదా! 1948 జనవరి 30న మహాత్ముడు హతుడైనాడు. మార్చి 13న ఆ వివాహము సేవాగ్రామములోనే జరిగినది.

రామాయణములోను ఇటువంటి ఘట్టమొకటి గలదు. చిత్రకూటమున జాబాలి, పరలోకము లేదు, తండ్రికిచ్చిన మాట విడిచి రాజ్యమేలుమని రామునకు బోధించినాడు. రాముడు కోపించి నాస్తికవాదమును నిందించినాడు. దానిని దాచనక్కరలేదు. కాని ఆయన అడవిలో నిలిచినది దేనిని పట్టుకొని? సత్యమును పట్టుకొని. ఆడినమాట తప్పుమనుటయే ఆయనకు సహింపరానిదైనది. గోరాగారి బోధ జాబాలి బోధ కాదు. చెప్పినది చేయవలెను, చేసినది చెప్పవలెను అనునదే వారి జీవితమున కనబడుచున్నది.

అట్లయిన మతమెందులకు? మావంటి సామాన్యులకు మంచితనము నిలకడగా ఉండదు. ఇది మా అనుభవము. ఏకాదశి వచ్చి ఆకలిని గుర్తుచేయును. భజన వచ్చి పొరుగువానితో పోట్లాట ఆపించును. చావు వచ్చిన ఇంట ఏమి చేయవలెనో తెలియనప్పుడు పదిమంది కూడి చేయవలసిన పని ఒకటి ఉండును. మన అడవిపల్లెలలోని కోయవారు కొత్తపంటను పెద్దలకు, వేల్పులకు సమర్పించి కొత్తల పండుగ చేసిన పిదపనే తిందురు. ఆ నియమము గ్రంథములో లేదు, ఊరిలో ఉన్నది. గోరాగారు సైతము ఒంటరిగా ఉండలేదు. కేంద్రము కట్టినారు, తోడివారిని కూర్చుకొన్నారు, పంక్తిభోజనములు పెట్టినారు. మనము సత్సంగమందుము, వారు మరియొక పేరు పెట్టిరి. నిష్ఠ గలవానికి తోడు కావలెను. ఆ తోడు గుడిలోనే దొరకవలెనని మేము చెప్పలేము. దొరకునని మాత్రము చెప్పగలము.

ఆ తల్లికి ఈ సంగతులన్నియు మరల చెప్పితిమి. ఆమె పూర్తిగా ఊరట చెందినదని అనలేము. తల్లి మనసు వేరు. అన్నదాన సేవకుల పట్టికలో ఆ యువకుని పేరు చేర్చితిమి. వడ్డనకు ముందు గోవిందనామము పలుకునప్పుడు అతడు మౌనముగా నిలుచును. ఎవరును ఏమియు అనవద్దని సభ్యులకు చెప్పియున్నాము. విస్తరి ముందు కూర్చున్నవారిలో ఆ తేడా గమనించినవారు ఇంతవరకు మాకు కనబడలేదు.