మాత్ర, మోతాదు, బొమ్మల కథ: ఔషధ భద్రతా బోధనలో కామిక్స్ (అనకాపల్లి ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం

మందును సురక్షితంగా వాడటం అంటే ప్రధానంగా క్రమాన్నీ కాలాన్నీ పాటించడం. ఏ పూట, ఎంత, తిన్నాకనా తినకముందా, ఎన్ని రోజులు, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి అన్నవి అందులోని ప్రశ్నలు. క్రమాన్ని కంటికి చూపడమే కామిక్స్ ప్రక్రియకున్న సహజశక్తి. అయితే బొమ్మ కూడా ఒక భాషే. దాన్ని స్థానికుల చేత చదివించి పరీక్షించకపోతే మేలుకు బదులు కీడు జరగవచ్చు. ఈ రెండు విషయాలనూ అనకాపల్లి ప్రాంత నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కామిక్స్, ఔషధ భద్రత, ప్రజారోగ్యం, చిత్రకథ, ఉత్తరాంధ్ర మాండలికం, అనకాపల్లి.

1. ప్రవేశిక

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి ఏర్పడిన అనకాపల్లి జిల్లాకు బెల్లం మార్కెట్టు వల్ల వచ్చిన పేరు పాతది, ఔషధ పరిశ్రమల వల్ల వచ్చిన పేరు కొత్తది. పరవాడ, అచ్యుతాపురం ప్రాంతాల్లో తయారయ్యే మందులు, వాటి ముడిపదార్థాలు దేశవిదేశాలకు వెళ్తున్నాయి. కానీ అదే జిల్లాలోని ఒక తల్లి మెడికల్ షాపులో దగ్గుమందు సీసా కొన్నప్పుడు, దానిపైన ఉన్న హెచ్చరిక ప్రధానంగా ఆంగ్లంలోనే ఉంటుంది.

ఇది చిన్న విషయం కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదన్న హెచ్చరికను లేబుల్ మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. హెచ్చరిక ముద్రితమైనంత మాత్రాన చేరవలసినవారికి చేరినట్లు కాదు. అక్షరానికీ అవగాహనకూ మధ్య ఉన్న ఈ ఖాళీని పూరించగల సాధనాల్లో కామిక్స్ ఒకటి.

2. ‘మందు’, ‘మాత్ర’: పదాల సాక్ష్యం

తెలుగులో ‘మందు’ అనే మాట రోగం తగ్గించే ఔషధానికీ, మద్యానికీ వాడుకలో ఉంది. సమాసంలో పురుగుమందు, మందుగుండు అని కూడా అవుతుంది. మేలు చేసేదీ ప్రాణం తీసేదీ ఒకే పేరుతో వ్యవహారంలో ఉన్నాయన్నమాట. ఇంట్లో అలమరలో దగ్గుమందు పక్కనే ఎలుకలమందు కనిపించడం ఈ భాషాస్థితికి తగ్గట్టే ఉంటుంది. పిల్లలకు చెప్పవలసిన తొలిపాఠం ఇక్కడే మొదలవుతుంది.

‘మాత్ర’ అనే మాట మరింత ఆసక్తికరమైనది. సంస్కృతంలో దీనికి కొలత, పరిమాణం అని అర్థం. ఛందశ్శాస్త్రంలో లఘువు ఏకమాత్ర, గురువు ద్విమాత్ర. అంటే ఉచ్చారణ కాలానికి అది కొలమానం. మనం మింగే బిళ్ళను ‘మాత్ర’ అని పిలవడంలోనే, అది కొలిచి తీసుకోవలసిన వస్తువన్న హెచ్చరిక ఇమిడి ఉంది. అలాగే ‘పూట’, ‘పరగడుపు’, ‘పథ్యం’ వంటి మాటలు ఔషధసేవనను దినచర్యతో, భోజనంతో ముడిపెడతాయి. ఔషధ భద్రతకు కావలసిన పదజాలం తెలుగులో కొత్తగా సృష్టించవలసిన అవసరం లేదు. ఉన్నదాన్ని సరైన బొమ్మ పక్కన నిలపడమే చేయవలసిన పని.

3. తెలుగువారి బొమ్మల కథాసంప్రదాయం

కామిక్స్ అనే పేరు విదేశీయమైనా, బొమ్మల వరుసతో కథ చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. తెలంగాణలోని చేర్యాల నకాషి చిత్రకారులు పొడవాటి పటాన్ని అడ్డపట్టీలుగా విభజించి కులపురాణ ఘట్టాలను చిత్రిస్తారు. కథకుడు పటాన్ని విప్పుతూ, ఒక్కొక్క ఘట్టాన్ని చూపుతూ కథ చెబుతాడు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల్లో రామాయణ ఘట్టాలు గడులుగా అమరి ఉంటాయి, చిత్రాలకు తోడుగా తెలుగు రాత కూడా కనిపిస్తుంది. గడి, వరుస, వ్యాఖ్య అనే కామిక్స్ మూలాంగాలు మూడూ వీటిలో ఉన్నాయి.

అచ్చుయుగంలో 1947 జులైలో మొదలైన ‘చందమామ’ తెలుగు ఇళ్ళకు బొమ్మల రుచి మప్పింది. దాని ముఖచిత్రాలతో ప్రసిద్ధుడైన వడ్డాది పాపయ్య (1921–1992) స్థిరపడిన కశింకోట అనకాపల్లికి ఆనుకునే ఉంది. అయితే ఒక భేదాన్ని గుర్తించాలి. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది కథకు తోడుగా వేసిన బొమ్మ, దాన్ని తీసేసినా కథ నిలుస్తుంది. కామిక్స్‌లో బొమ్మే కథనం, ఒక గడి తీసేస్తే కథ తెగిపోతుంది. ఆరోగ్యబోధనకు ఈ రెండోది కావాలి. కరపత్రం మూలన ఒక వైద్యుడి బొమ్మ వేసి కింద పది వాక్యాలు అచ్చువేస్తే అది చిత్రకథ కాదు.

4. బొమ్మల కథ ఎలా బోధిస్తుంది?

వైద్యులు చీటీ మీద రాసే ‘1-0-1’ అనే గుర్తును గమనిస్తే, అది మూడు గడుల కామిక్ లాగే కనిపిస్తుంది. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. గుర్తు తెలియనివారికి అది నూట ఒకటి అనే అంకె మాత్రమే. దాన్నే మూడు గడుల్లో గీయవచ్చు. మొదటి గడిలో పొద్దుపొడుపు, తిన్న కంచం, చేతిలో మాత్ర. రెండో గడిలో నడినెత్తిన సూర్యుడు, అన్నం కంచం, మూసి ఉన్న మందుల డబ్బా. మూడో గడిలో చంద్రుడు, తిన్న కంచం, మళ్ళీ చేతిలో మాత్ర. చదువు రానివారు కూడా దీన్ని తమ దినచర్యతో పోల్చుకోగలుగుతారు.

ఈ ప్రయోజనానికి పరిశోధనల బలం ఉంది. అమెరికాలో డెల్ప్, జోన్స్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, గాయానికి కుట్లు వేయించుకున్న 234 మందిలో కొందరికి రాతతో మాత్రమే ఉన్న సూచనలనూ, మరికొందరికి కార్టూన్లతో కూడిన సూచనలనూ ఇచ్చారు. కార్టూన్లు అందుకున్నవారిలో 98 శాతం, రాత మాత్రమే అందుకున్నవారిలో 79 శాతం వాటిని చదివారు. అన్ని ప్రశ్నలకూ సరైన జవాబు చెప్పినవారు మొదటివర్గంలో 46 శాతం కాగా, రెండోవర్గంలో 6 శాతం మాత్రమే. సూచనలను పాటించినవారు 77, 54 శాతం. చదవడం, అర్థం చేసుకోవడం, ఆచరించడం అనే మూడు మెట్లలోనూ తేడా కనిపించింది.

5. బొమ్మ తప్పుదారి పట్టించే సందర్భాలు

కామిక్స్ సిద్ధాంతకర్త స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వెలువరించిన గ్రంథంలో, రెండు గడుల మధ్య ఉండే ఖాళీని పాఠకుడు తన ఊహతో పూరిస్తాడని వివరించాడు. సాహిత్యంలో ఈ ఖాళీ రసానికి ఆధారం. ఔషధబోధనలో మాత్రం ప్రమాదానికి తావు కాగలదు. మొదటి గడిలో జ్వరంతో పడుకున్న బిడ్డ, రెండో గడిలో ఆడుకుంటున్న బిడ్డ ఉంటే, ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులు అన్నది ఖాళీలో ఉండిపోతుంది. ఒక్క మాత్రతోనే తగ్గిందని పాఠకుడు అనుకోవచ్చు. కాబట్టి మోతాదు, వ్యవధి, ఆపవలసిన పరిస్థితి అనే మూడింటినీ ఊహకు వదలకుండా గడిలోనే చూపాలి.

గుర్తులు కూడా అందరికీ ఒకేలా అర్థం కావు. దక్షిణాఫ్రికాలో డౌస్, ఎలెర్స్ 2001లో ప్రచురించిన పరిశోధన, అమెరికాలో రూపొందిన ఔషధ చిహ్నాల కంటే స్థానికులతో చర్చించి గీసిన చిహ్నాలే అక్కడి ప్రజలకు బాగా అర్థమయ్యాయని తేల్చింది. మన దగ్గర ఇంటూ గుర్తు బడికి వెళ్ళినవారికి ‘తప్పు’ అని తోస్తుంది. బడి ముఖం చూడనివారికి అది రెండు గీతలు మాత్రమే కావచ్చు. యాంటీబయాటిక్ అట్టల మీది ఎర్రగీత గురించి 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం చేపట్టింది. వైద్యుని చీటీ లేకుండా వాడవద్దన్నది దాని అర్థం. వివరించేవారు లేకపోతే ఆ గీత అలంకారంగానే మిగిలిపోతుంది.

6. అనకాపల్లి బడికి ఒక నమూనా

శరద్ శర్మ, లేఫ్ పకాలెన్ ప్రచారంలోకి తెచ్చిన గ్రామీణ గోడ కామిక్స్ పద్ధతి ఖర్చు తక్కువది. రెండు ఏ4 కాగితాలను అతికించి, నాలుగు గడుల్లో కథ గీసి, జిరాక్స్ తీసి గోడలకు అంటిస్తారు. గీసేది వృత్తి చిత్రకారులు కాదు, స్థానికులే. బడిపిల్లలు, ఆశా కార్యకర్తలు కలిసి చేయదగిన పని ఇది.

కౌమారదశలోని బాలబాలికలకు వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను ఉదాహరణగా తీసుకోవచ్చు. మొదటి గడిలో మధ్యాహ్న భోజనం ముగిసి, ఉపాధ్యాయిని మాత్ర ఇస్తుంది. రెండో గడిలో బాలిక టీ గ్లాసు పక్కకు నెట్టి మంచినీళ్ళతో మింగుతుంది, ఎందుకంటే టీ వల్ల ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. మూడో గడిలో మర్నాడు భయపడుతూ, “మామ్మా, దొడ్డికెల్తే నల్లగా వొచ్చినాది. మాత్ర పడనేదేటి?” అంటుంది. నాలుగో గడిలో ఆశా కార్యకర్త, “ఇనప మాత్రకి అలగే అవుద్దమ్మా, బయ్యం నేదు. ఒంటిమీద దద్దుర్లొచ్చినా, వాంతులు ఆగకపోయినా ఎంటనే మాకు చెప్పాల” అంటుంది.

ఈ నాలుగు గడుల్లో కీలకమైనది చివరిది. సహజంగా కలిగే మార్పునూ, జాగ్రత్తపడవలసిన లక్షణాన్నీ అది వేరుచేస్తుంది. ఈ భేదం తెలియనిచోట ఒక బిడ్డ కడుపునొప్పి ఊరంతా వదంతిగా పాకి, మిగతా పిల్లలు మాత్రలు మానేసే ప్రమాదం ఉంది. ‘చెప్పాల’ అన్న మాట కూడా అంతే ముఖ్యం. భారత ఔషధ నిఘా కార్యక్రమం 2010లో ప్రారంభమైంది. మందు వల్ల కలిగిన దుష్ప్రభావాన్ని రోగులు, వారి కుటుంబసభ్యులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా తెలియజేయవచ్చు. ప్రతి కామిక్ అడుగున ఈ నంబరు ఉండాలి.

సంభాషణ మాండలికంలో ఉండటం హాస్యం కోసం కాదు. శిష్టభాషలోని సూచన ‘అధికారి మాట’గా వినిపిస్తే, ఇంటిభాషలోని సూచన ఇంటిమనిషి మాటగా వినిపిస్తుంది. మోతాదు, మందు పేరు మాత్రం మాండలికభేదం లేకుండా స్పష్టంగా అచ్చులో ఉండాలి.

గీసిన కథను గోడకెక్కించే ముందు రెండు పరీక్షలు అవసరం. మొదటిది, వైద్యుడో ఫార్మసిస్టో ప్రతి గడినీ సరిచూడటం. రెండోది, మాటలు కప్పేసి, బొమ్మలు మాత్రమే చూపి, కథ చెప్పమని పది మందిని అడగడం. ‘అర్థమైందా?’ అని అడిగితే మర్యాదకు ‘ఆఁ’ అంటారు. ‘రేపు ఇంట్లో ఏం చేస్తారు?’ అని అడిగితేనే లోపం బయటపడుతుంది.

7. ముగింపు

కామిక్స్ వైద్యునికి ప్రత్యామ్నాయం కాదు, లేబుల్ మీద తెలుగు ముద్రించవలసిన బాధ్యతను తప్పించే సాకు కూడా కాకూడదు. చెప్పిన మాట ఇంటికి వెళ్ళేసరికి మరచిపోకుండా గోడ మీద నిలిపి ఉంచే సాధనం అది. ఈ పనిలో వైద్యశాస్త్రానికి ఎంత పాత్ర ఉందో తెలుగు శాఖలకూ అంతే ఉంది. ఏ మాట ఏ ఊరిలో ఎలా వినిపిస్తుందో, ఏ బొమ్మ ఎవరికి ఏమని తోస్తుందో పరిశీలించడం భాషాసాహిత్య విద్యార్థుల పనే. అనకాపల్లి పరిసరాల్లోని బడులు, కళాశాలలు ఇందుకు అనువైన క్షేత్రాలు. మందులు తయారుచేసే జిల్లాలో మందు సంగతి చదవలేని ఇల్లు ఉండకూడదు.