పులసకు దారి

వానకాలమున గోదావరికి ఎఱ్ఱనీరు రాగానే, సముద్రములోని విలస చేప గుడ్లు పెట్టుటకై గౌతమి, వశిష్ఠ పాయల వెంట ఎదురీది వచ్చును. సముద్రములో విలస, ఏటిలో పులస; చేప ఒక్కటే. గుడ్లకు పారెడి మంచినీరు కావలెను. పిల్లలు ఏటిలో కొంత పెరిగి మరల సముద్రమునకు దిగును.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి అయినది. డెల్టాకు అన్నము పెట్టిన కట్టడము అదియే, దానిని తప్పుపట్టలేము. కాని చేపకు అది గోడ. తరువాత వచ్చిన బారేజి కూడ అంతే. పులస ఎగిరి దూకు చేప కాదు. సాల్మను చేపకై ఇతర దేశములలో కట్టెడి మెట్లదారి దీనికి సరిపోదు. ఈదిపోదగిన నీటిదారి కావలెను. అది ఇంజనీర్ల పని.

మన చేతిలోనిది పిల్లను కాపాడుట. బంగ్లాదేశములో నవంబరు నుండి జూను వరకు 25 సెంటీమీటర్ల లోపు పిల్లను పట్టరాదని నిషేధమున్నది. ఆ కాలములో కొన్ని నెలలు జాలరి కుటుంబములకు ప్రభుత్వము బియ్యమిచ్చుచున్నది. కడుపు నిండనిదే చట్టము నిలువదు గదా! ఇచ్చటను చిన్నకన్ను వలను మానుమని జాలరిని అడుగువారు ముందు అతని పొయ్యిని గూర్చి ఆలోచింపవలెను.

ఇక రైతు సోదరులారా, పురుగుమందు చల్లిన మడినీటిని వెంటనే డ్రెయినులోనికి వదలకుడు. కొన్నాళ్లు మడిలోనే నిలుపుడు. మందు పంపును ఏటిలో గాని, కాలువలో గాని కడుగరాదు. లంక అంచున రెల్లును తగులబెట్టక ఉంచుడు. గట్టు కోతకు అది కొంత అడ్డు.