జిల్లా యూనివర్సిటీలో సైన్స్ చదువు: లెక్క తెలిస్తే దారి తెలుస్తుంది

2006 నుంచి 2008 వరకు మూడేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పది జిల్లా యూనివర్సిటీలు పుట్టాయి. కడపలో యోగి వేమన, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, నిజామాబాద్‌లో తెలంగాణ, నల్లగొండలో మహాత్మాగాంధీ, మచిలీపట్నంలో కృష్ణా, నెల్లూరులో విక్రమ సింహపురి, కర్నూలులో రాయలసీమ, శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో అంబేడ్కర్, కరీంనగర్‌లో శాతవాహన, మహబూబ్‌నగర్‌లో పాలమూరు. వీటిలో కొన్ని అంతకుముందు పెద్ద యూనివర్సిటీల పీజీ సెంటర్లుగా నడిచినవే. సొంత జిల్లాలో డిగ్రీ చదివిన అమ్మాయి బస్సు పాసుతో ఎమ్మెస్సీకి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలుగుతోందంటే ఈ యూనివర్సిటీల వల్లే.

అయినా వీటిలో సీటు వచ్చిన పిల్లలకు మొదటి రోజు నుంచీ వినిపించే మాట ఒకటుంది: ‘ఇక్కడ చదివితే ఏమొస్తుంది?’ ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. శాశ్వత అధ్యాపకుల పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటం, కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల మీదే క్లాసులు నడవడం, ల్యాబుల్లో ఖరీదైన పరికరాలు లేకపోవడం నిజమే. కానీ సైన్స్ విద్యార్థి కోసం దేశం పెట్టే ఖర్చులో పెద్ద భాగం ఏ యూనివర్సిటీ అని అడగదు. మార్కులు, ర్యాంకు, దరఖాస్తు తేదీ మాత్రమే చూస్తుంది. ఇంటర్ నుంచి పీహెచ్‌డీ దాకా ఆ లెక్కలు చూద్దాం.

ఏడాదికి 80,000 రూపాయలు

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ విలువ ఇది. ఇందులో 60,000 నేరుగా విద్యార్థికి అందుతుంది. మిగతా 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే ప్రాజెక్టుకు. ఏటా 12,000 మందికి ఇస్తారు. బీఎస్సీ నుంచి ఎమ్మెస్సీ పూర్తయ్యే దాకా ఐదేళ్లు నిలబెట్టుకుంటే మొత్తం 4 లక్షలు.

ఇంటర్‌లో తమ బోర్డు మొత్తంలో మొదటి 1 శాతంలో నిలిచి, అదే ఏడాది బీఎస్సీలో గానీ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో గానీ చేరినవారికి అర్హత ఉంటుంది. మన రాష్ట్రాల్లో మార్కులు ఎక్కువగా వస్తాయి కాబట్టి కటాఫ్ కూడా ఎక్కువే. అయితే ఆ 1 శాతంలో చాలామంది ఇంజినీరింగ్‌కో మెడిసిన్‌కో వెళ్లిపోతారు. సైన్స్ మీద ఇష్టంతో బీఎస్సీలో చేరే కొద్దిమంది కాలేజీ చిన్నదని సంకోచించకుండా దరఖాస్తు పెట్టాలి. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల నుంచి భూగర్భ, సముద్ర శాస్త్రాల దాకా 18 సబ్జెక్టులకు ఇది వర్తిస్తుంది.

డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకుని ఎమ్మెస్సీలో చేరినవారికి మరో పథకం ఉంది. పీజీ విద్యార్థులకిచ్చే జాతీయ స్కాలర్‌షిప్ కింద నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు చెల్లిస్తారు. రెండేళ్లకు 3 లక్షలవుతుంది. మెస్ బిల్లు, పుస్తకాల ఖర్చు కోసం ఇంట్లో చెయ్యి చాచాల్సిన పని ఉండదు.

రెండు నెలల వేసవి

ల్యాబులో పరికరాల కొరతకు మొదటి విరుగుడు వేసవి సెలవులు. బెంగళూరులోని భారత సైన్స్ అకాడమీ, ఢిల్లీలోని జాతీయ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని మరో అకాడమీ, ఈ మూడూ కలిసి ఏటా సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తాయి. ఎంపికైన విద్యార్థి రెండు నెలలు ఏదైనా ప్రముఖ సంస్థలో ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తాడు. భృతి ఇస్తారు, ప్రయాణ ఖర్చూ ఇస్తారు.

దరఖాస్తులో మార్కులతో పాటు రెండు కాగితాలు ముఖ్యం. ఏం పని చేయాలనుకుంటున్నారో సొంత మాటల్లో రాసే చిన్న వివరణ ఒకటి, అధ్యాపకుడు ఇచ్చే సిఫార్సు లేఖ మరొకటి. ఈ రెండోదాంట్లో చిన్న యూనివర్సిటీకి స్పష్టమైన మేలు ఉంది. ముప్పై మంది ఉన్న క్లాసులో మేడమ్‌కి ప్రతి విద్యార్థి పేరూ తెలుసు. ప్రాక్టికల్స్‌లో ఎవరు రీడింగ్ తప్పుగా వస్తే మళ్లీ మొదటి నుంచి చేశారో, ఎవరు పక్కవాళ్ల రికార్డు చూసి రాశారో కూడా తెలుసు. అలా తెలిసినవారు రాసిన లేఖకు బరువుంటుంది. అందుకని సెప్టెంబరులోనే వెళ్లి అడగాలి. గడువు ముందురోజు అడిగితే ఎంత మంచి గురువైనా రెండు పొడి వాక్యాలే రాయగలరు.

60 ప్రశ్నలు, 100 మార్కులు

బీఎస్సీ తర్వాత ఐఐటీలో ఎమ్మెస్సీ చేయాలంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏడు పేపర్లలో మనకు కావాల్సింది ఎంచుకోవచ్చు. మూడు గంటల సమయం, ఐఐటీల్లో సుమారు 3,000 సీట్లు. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ ఈ స్కోరు పనికొస్తుంది. పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. దరఖాస్తు మాత్రం అంతకు ముందు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ముగుస్తుంది. డిగ్రీ ఆఖరి ఏడాది సంక్రాంతికి మేలుకుంటే ఆ ఏడాది పోయినట్టే.

ఐదేళ్లలో 24 లక్షలు

సైన్స్ పరిశోధనకు అర్హత పరీక్ష అయిన సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు నెలకు 42,000 వస్తుంది. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లివి. మొదటి రెండేళ్లకు 8,88,000, తర్వాతి మూడేళ్లకు 15,12,000, కలిపితే సరిగ్గా 24 లక్షలు. ఇంటద్దె భత్యం దీనికి అదనం. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో ఉండగానే ఈ పరీక్ష రాయవచ్చు. ‘పీహెచ్‌డీ అంటే ఇంకో ఐదేళ్లు మా మీద భారం’ అనుకునే తల్లిదండ్రులకు చూపించాల్సిన లెక్క ఇదే.

ఒకటో ర్యాంకు

నెట్‌లో జేఆర్ఎఫ్ రాకపోయినా ఇంకో దారి ఉందని చాలామందికి తెలియదు. దాని పేరు ఇన్‌స్పైర్ ఫెలోషిప్. సైన్స్ పీజీలో యూనివర్సిటీ ప్రథమ ర్యాంకు సాధించినవారు పీహెచ్‌డీ కోసం దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఏటా 1,000 వరకు ఇస్తారు. భృతి జేఆర్ఎఫ్‌తో సమానం. దరఖాస్తులను నిపుణుల కమిటీ వడపోస్తుంది కాబట్టి ర్యాంకు ఉంటే చాలు, వచ్చేస్తుందని చెప్పలేం. కానీ అర్హత నిబంధన గమనించండి. వందేళ్ల చరిత్ర ఉన్న యూనివర్సిటీలో కెమిస్ట్రీ మొదటి ర్యాంకుకు ఎంత అర్హతో, ఎచ్చెర్లలో కెమిస్ట్రీ మొదటి ర్యాంకుకూ అంతే.

అందుకే చిన్న యూనివర్సిటీ విద్యార్థి మొదటి సెమిస్టర్ నుంచే ర్యాంకు మీద కన్ను వేయాలి. మొదటి ప్రయత్నంలోనే అన్ని పేపర్లూ పాసైనవారికే ర్యాంకు ఇవ్వడం మన దగ్గర మామూలు. అంటే ఒక్క బ్యాక్‌లాగ్‌తో ఈ దారి మూసుకుపోవచ్చు. కోర్సు పూర్తికాగానే పరీక్షల విభాగం నుంచి ర్యాంకు ధ్రువపత్రం తీసుకోవడం మరవకూడదు.

13,000 పత్రికలు

పరిశోధనా పత్రికల చందాలు లక్షల్లో ఉంటాయి. చిన్న యూనివర్సిటీల లైబ్రరీలు వాటిని కొనలేక చేతులెత్తేశాయి. 2025 జనవరి నుంచి ఈ పరిస్థితి మారింది. ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకు కేటాయింపు 6,000 కోట్లు. సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకుల కోసం ఉద్దేశించారు. తలకు లెక్కేస్తే ఏడాదికి 1,100 రూపాయల పైచిలుకు. ఆ డబ్బు మీ పేరు మీద ఇప్పటికే ఖర్చవుతోంది. లైబ్రేరియన్‌ని కలిసి లాగిన్ తీసుకుని వారానికి ఒక్క వ్యాసమైనా చదవకపోతే నష్టం మీదే.

పరికరాల విషయంలోనూ ఇలాంటి ఏర్పాట్లున్నాయి. దేశంలో ఏ ల్యాబులో ఏ పరికరం ఉందో, బయటివారు దాన్ని ఎలా వాడుకోవాలో చూపే ఐ-స్టెమ్ పోర్టల్ 2020లో మొదలైంది. శాంపిల్ పంపి నామమాత్రపు రుసుముతో ఫలితాలు తెప్పించుకునే కేంద్రాలున్నాయి, మద్రాస్ ఐఐటీలో ఒకటి ఉంది. ఖగోళశాస్త్రంలో యూనివర్సిటీల కోసమే 1988లో పుణెలో అయూకా ఏర్పడింది. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ వంటి అణుశక్తి విభాగపు యంత్రాలను యూనివర్సిటీ పరిశోధకులకు అందించడానికే యూజీసీ-డీఏఈ కేంద్రం పనిచేస్తోంది. గైడ్, స్కాలర్ కలిసి ప్రతిపాదన రాస్తే చాలు.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు

పరిశోధనకు ప్రశ్నలు సొంత జిల్లాలోనే దొరుకుతాయి, ఫ్లోరైడ్ వాటిలో ఒకటి. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి ఇది. అది దాటితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పడిన బాధ అందరికీ తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు ప్రపంచవ్యాప్తంగా స్థిరపడింది. దాన్ని రూపొందించింది మాత్రం నాగపూర్‌లోని నీరీ సంస్థ. ఆనాడు నల్లగొండలో సొంత యూనివర్సిటీ లేదు. ఇవాళ ఉంది.

ఇరవై బోర్ల నీటిని నెలనెలా పరీక్షించారనుకుందాం. ఏడాదికి 240 కొలతలవుతాయి. దీనికి కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉన్న మీటరు, శుభ్రమైన సీసాలు, క్రమం తప్పని ఓపిక చాలు. ఏ నెలలో ఎందుకు పెరిగింది, వానలకు ఎంత తగ్గింది అన్నది పక్క ఊరి విద్యార్థి చెప్పగలిగినట్టు ఎక్కడో దూరాన ఉన్న సంస్థ చెప్పలేదు.

పాత ఉమ్మడి జిల్లాల లెక్కన చూస్తే ప్రతి జిల్లాకూ ఇలాంటి ప్రశ్న ఒకటుంది. శ్రీకాకుళానికి ఉద్దానం కిడ్నీ వ్యాధి, నెల్లూరుకు పులికాట్ సరస్సు, కడపకు మంగంపేట ముగ్గురాయితో పాటు కోట్ల ఏళ్ల నాటి శిలలు. కర్నూలు వైపు జ్వాలాపురంలో 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంటే పాత సీనియర్ల రిపోర్టు తిరగరాసి బైండింగ్ చేయించడంతో సరిపెట్టకుండా ఈ ప్రశ్నల్లో ఒక చిన్న ముక్క పట్టుకుంటే, దానిమీద చేసిన పని వేసవి ఫెలోషిప్‌లోనూ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలోనూ మాట్లాడుతుంది.

ఇక చేయాల్సింది

విద్యార్థి వంతు సులువైనదే: దరఖాస్తు తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకోవడం, క్లాసులో నలుగురికీ చెప్పడం. ప్రతి సైన్స్ విభాగమూ ఒక అధ్యాపకుడికి ఈ సమాచార బాధ్యత అప్పగించాలి. దానికి కొత్త నిధులక్కర్లేదు. ప్రభుత్వాల వంతు వేరు. పైన చెప్పిన ప్రతి దరఖాస్తు వెనకా చదివి దిద్దే ఒక గురువు ఉండాలి. ఖాళీ పోస్టు సిఫార్సు లేఖ రాయదు, శాంపిల్ ఎలా తీయాలో నేర్పదు. జిల్లాకో యూనివర్సిటీ అని ఇచ్చిన మాట, అందులో పాఠం చెప్పే శాశ్వత అధ్యాపకులను నియమించినప్పుడే పూర్తవుతుంది.