నెల్లా లార్సెన్ ‘పాసింగ్’ నవల: జాతి, జెండర్, అస్తిత్వం

నల్లజాతిలో పుట్టి, లేత మేనిఛాయ వల్ల శ్వేతజాతీయులుగా చలామణి కావడాన్ని అమెరికాలో ‘పాసింగ్’ అంటారు. నెల్లా లార్సెన్ 1929లో ఆ పేరుతోనే ప్రచురించిన నవల జాతిని, జెండర్‌ను విడదీసి చదవలేమని నిరూపిస్తుంది.

1924 నాటి వర్జీనియా చట్టం నల్లజాతి రక్తం లేశమాత్రం ఉన్నవారిని సైతం శ్వేతజాతీయులుగా అంగీకరించలేదు. శ్వేతజాతీయులతో వారి వివాహాన్ని నిషేధించింది. అనగా జాతి సరిహద్దుకు కాపలా కాసినది వివాహవ్యవస్థయే. నవలలో క్లేర్ కెండ్రీ ఆ సరిహద్దును రహస్యంగా దాటి, నల్లవారిని ద్వేషించే జాన్ బెల్యూను పెళ్లాడుతుంది. బిడ్డ నల్లగా పుడుతుందేమోనని నవమాసాలూ భయంతో గడుపుతుంది. చర్మం దాచిన రహస్యాన్ని గర్భం బయటపెట్టవచ్చు. ఈ భయం స్త్రీగా ఆమె అనుభవించినది.

ఆమె బాల్యస్నేహితురాలు ఐరీన్ హార్లెంలో నల్లజాతి గృహిణిగానే జీవిస్తుంది. అయినా చికాగోలో శ్వేతజాతీయుల హోటల్‌లో తేనీటి కోసం తానూ చలామణి అవుతుంది. క్లేర్ రాకతో తన కాపురం చెదురుతుందని కలవరపడుతుంది. భిన్నమార్గాల్లో నడిచినా ఇద్దరి భద్రతా భర్తల మీదనే ఆధారపడి ఉంది. చివరకు క్లేర్ కిటికీలోంచి పడి మరణిస్తుంది. కారణాన్ని రచయిత్రి తేల్చి చెప్పదు. కథంతా ఐరీన్ దృష్టి నుంచే సాగుతుంది గనుక, క్లేర్ ఎవరన్న ప్రశ్నకు సమాధానం ఎప్పుడూ ఇతరుల చేతుల్లోనే మిగిలిపోతుంది.