లొట్టి దిగే వేళ

భద్రాచలం వెళ్ళిన యాత్రికుడు ఏం చేస్తాడు? గోదావరిలో మునుగుతాడు, రాములవారిని సేవిస్తాడు, ఓపిక ఉంటే పర్ణశాల దాకా వెళ్ళి వస్తాడు. నేనూ అంతే చేసి ఊరుకునేవాణ్ణి. కాని తిరుగుదారిలో, దుమ్ముగూడెం దాటాక, మా ఆటో చక్రం పంచరైంది. ఆటో నడిపే కుర్రాడు కోయవాడు.

"బాగయ్యేసరికి పొద్దుపోతది సారూ. పక్కనే మా పల్లె. లొట్లు దించే వేళయింది, రండి" అన్నాడు.

లొట్టి అంటే కల్లుకుండ అని నాకు తెలుసు. తెలిసీ వెళ్ళాను. చెప్పొద్దూ, కొంచెం భయంగానే ఉంది.

ఊరి చివర పాతిక తాటిచెట్లు. వాటి కింద సగం ఊరు ఉంది. తాగేచోటు అనగానే మనకు తోచే తలుపుచాటు, చీకటి, గుసగుసలు ఏవీ అక్కడ లేవు. ముసలమ్మలున్నారు, బిడ్డల్ని చంకనేసుకున్న తల్లులున్నారు, కోళ్ళున్నాయి. టోక్యో వెళ్ళివచ్చిన మిత్రుడొకడు, అక్కడి సందుల్లో గుమ్మానికి ఎర్రకాగితం లాంతరు వేలాడితే అది తాగేచోటని గుర్తు అని చెప్పేవాడు. ఇక్కడ గుర్తు చెట్టు మొవ్వులో వేలాడే లొట్టే.

నడుముకు మోకు బిగించి ఒకాయన చెట్టెక్కాడు. గెల కొసను పూటపూటా పలచగా చెక్కకపోతే ధార ఆగిపోతుందట. తెల్లవారుజామున దించితే తియ్యగా ఉండే రసమే ఎండెక్కే కొద్దీ పొంగి, పులిసి, సాయంత్రానికి మత్తెక్కుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు. నీరా అని పట్నాల్లో అమ్మేది అదే. జీలుగుచెట్టు కథ ఇంకా చిత్రం. పూగెలలు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి దిగివస్తాయి. ఆఖరిది అయిపోగానే చెట్టు చచ్చిపోతుంది. ఇక ఇప్పపువ్వుకు చెట్టెక్కే పనే లేదు. ఎండాకాలం మొదట్లో రాత్రిళ్ళు తనంత తానే రాలుతుంది. తెల్లవారకముందే ఆడవాళ్ళు బుట్టలతో వెళ్ళి ఏరుకొస్తారు. దానితో సారా కాస్తారన్న మాట నిజమే గాని, కరువు రోజుల్లో ఉడకబెట్టుకు తిన్నదీ ఆ పువ్వే. ఆదిలాబాదు వైపు ఉట్నూరులో గిరిజన స్త్రీలు ఇప్పుడు దాంతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

లొట్టి దిగింది. ఊరిపెద్ద నాలుగు చుక్కలు నేలమీద వదిలి, తాటాకు మడిచి నాకు పోశాడు. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది గనక నిజమే రాస్తున్నాను: మూడు గుక్కలు. మొదట తీపి, వెనక పులుపు.

మర్యాదకు జేబులోంచి యాభై రూపాయల నోటు తీశాను. పెద్దాయన ముఖం ముడుచుకుంది.

"సంతరోజు రోడ్డుమీద అమ్ముతాం, అది వేరు. ఇంటికొచ్చినోడికి అమ్ముతామా?"

నోటు లోపల పెట్టేసుకున్నాను. ఈ కల్లులోకి డబ్బు దూరినందుకే ఒకప్పుడు ఈ మన్యమంతా అంటుకుంది. రంప మునసబుదారు కల్లుచెట్ల మీద చిగురుపన్ను వేశాడు. దానిమీద దొరల ఆబ్కారీ చట్టం వచ్చి, కల్లు హక్కులు గుత్తేదార్ల పాలయ్యాయి. తన చెట్టు కల్లు తన ఇంటికి దించుకోవటం కూడా నేరమైంది. 1879 మార్చిలో రంప పితూరీ లేచింది. ఆ ఏడే భద్రాచలం వైపుకూ పాకింది. అణచటానికి పటాలాలు దిగాయి. మన చరిత్ర పుస్తకాలు అల్లూరి సీతారామరాజు 1922లో చేసిన పోరాటం గురించి చెప్పినంతగా దీన్ని చెప్పవు.

ఇప్పుడు చట్టం వీళ్ళ పక్షానే ఉంది. 1996లో పార్లమెంటు చేసిన 'పెసా' చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని అదుపు చేసే అధికారం గ్రామసభకు ఉండాలి. ఆ మాట అంటే, నా పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ నవ్వింది.

"లొట్టి ఖాళీ అయితే అందరం లేచి ఇంటికి పోతాం. ఆ సీసాల కొట్టు ఎప్పుడు మూస్తారో ఎవరికి తెలుసు? మా చిన్నోడు చెట్టెక్కటం మానేసి అక్కడే ఉంటున్నాడు. నిన్న రాత్రీ రాలేదు."

అంతలో ఆటో సిద్ధమైంది. ఆమె రోడ్డు దాకా మాతో నడిచి వచ్చింది. "దారిలో కనబడితే అన్నం చల్లారిపోతందని చెప్పు" అని డ్రైవరుతో అంది.

రెండు మైళ్ళు వచ్చాక రోడ్డు పక్కన ఒక బల్బు వెలుగుతోంది. దాని కింద నలుగురు కుర్రాళ్ళు, నేలమీద సీసాలు. డ్రైవరు ఆటో ఆపి హారను కొట్టాడు. ఒకడు తల తిప్పి చూశాడు గాని లేవలేదు.

డ్రైవరు మళ్ళీ కొట్టాడు.