కూలి రాలేదని కోపం ఎవరి మీద?

సార్వా ఊడ్పుల వేళ తాటిపాక చుట్టుపక్కల ఏ గట్టు మీద నిలబడినా ఒకటే మాట. "ఉపాధి పని వచ్చాక కూలోళ్లు చేలోకి రావట్లేదండీ. రేషన్ బియ్యం ఇంటికొస్తుంటే ఇంకెందుకు వంగుతారు?" ఈ మాటలో నిజమెంతో లెక్క వేద్దాం.

ముందు బియ్యం సంగతి. కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చింది. 2011లో రూపాయి అయింది. 2023 నుంచి కేంద్రం ఉచితం చేసింది, తలకు నెలకు 5 కిలోలు. దాంతో నెలంతా గడవదని మీకు చెప్పక్కర్లేదు. పప్పు, నూనె, మందులు కొనాలంటే కూలికి వెళ్లాల్సిందే. కాకపోతే ఇంట్లో గింజ లేక, ఎంతిస్తే అంతకే వచ్చే అగత్యం తగ్గింది. మనకు కష్టంగా తోచేది, నిజం చెప్పాలంటే, అదే.

ఇక ఉపాధి హామీ. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం ఇచ్చింది ఏడాదికి 100 రోజులు, అదీ ఇంటికి, మనిషికి కాదు. 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు, అదీ కొలతకు సరిపడా మట్టి తీస్తేనే. పనులు ఎక్కువగా జరిగేది ఎండాకాలంలో, కాల్వలు కట్టేశాక. అప్పుడు మన చేలో పనేముంది? ఊడ్పులకు మనుషులు తగ్గడానికి గల్ఫ్ ప్రయాణాలు ఒక పెద్ద కారణం. రాజోలు, మలికిపురం వైపు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీ వీధిలోనే లెక్కపెట్టుకోండి.

2011 సార్వా గుర్తుందా? అంతకు ముందు ఏడాది ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 1000, అంటే 75 కిలోల బస్తాకు 750 రూపాయలు. అది కూడా చాలామందికి దక్కలేదు. నష్టానికి పండించలేమని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, చేలు బీడు పెట్టారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టని ధరకు పండించనని రైతు అంటే ఉద్యమమై, గిట్టని కూలికి రానని కూలిమనిషి అంటే బద్ధకమెలా అవుతుంది? పీఎం కిసాన్ కింద ఏడాదికి 6000 మనమూ తీసుకుంటున్నాం. దానికోసం ఎవరం సేద్యం మానలేదు గదా!

అలాగని సన్నకారు రైతు బాధ చిన్నదని కాదు. ఎకరం కౌలు చేసేవాడికి ఊడ్పు పది రోజులు ఆలస్యమైతే దిగుబడి పడిపోతుంది. సీజన్లో ఉపాధి పనులు ఆపాలని 2011లో రైతులు అడిగింది అందుకే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 125 చేస్తూనే, విత్తు, కోతల కాలంలో మొత్తం 60 రోజులు పనులు ఆపాలంది. ఆ రోజులను ప్రకటించేది రాష్ట్ర ప్రభుత్వం. మనకు సార్వా, దాళ్వా ఊడ్పులు, కోతలు కలిపి నాలుగు అదనులు. అరవైని పంచితే అదనుకు పదిహేను రోజులే. కనుక మన ఊడ్పులు ఎప్పుడో గ్రామసభలో ముందే చెప్పి రాయించండి.

అయితే ఆ పదిహేను రోజులూ వేరే దారి లేదు గదా అని కూలి కొయ్యడం మాత్రం అన్యాయం. నారు పోసిన వారంలోనే ముఠాతో ఎకరానికి గుత్త రేటు మాట్లాడుకోండి. వీలున్న చేలో డ్రమ్ సీడర్ వాడితే ఊడ్పు ఖర్చే ఉండదు. పని అయిన సాయంత్రమే డబ్బు చేతిలో పెట్టండి. ఉపాధి డబ్బు కోసం బ్యాంకు చుట్టూ తిరిగిన మనిషికి ఆ తేడా బాగా తెలుసు.