ఓడినవాడికీ ఒక పీట

ఫ్రీస్టైల్ కుస్తీలంటే ఇష్టమని నోరు జారితే చాలు, “అదంతా ముందే అనుకున్న నాటకం కదోయ్!” అంటారు మిత్రులు. కాదనను. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో శాసనకర్తల ముందు కంపెనీవాళ్ళే అది వినోదమని ఒప్పుకున్నారు. మరి గెలుపోటములు ముందే తేలిపోతే మల్లుడి గొప్పతనాన్ని కొలిచేదెట్లా?

నా లెక్క మూడు ప్రశ్నలు. ఎంత జనాన్ని రప్పించాడు? ఎదుటివాడి ఎముక విరగకుండా ఎంత నేర్పుగా పడేశాడు? తాను ఓడి, అవతలివాణ్ణి ఎంత ఎత్తుకు లేపాడు? మూడోదే అందరూ మరిచిపోతారు.

డబ్ల్యు.డబ్ల్యు.ఇ. హాల్ ఆఫ్ ఫేమ్ 1993లో ఆంద్రే ద జెయింట్‌తో మొదలైంది. అందులో దారాసింగ్ పేరు 2018లో చేరింది. అప్పటికి ఆయన పోయి ఆరేళ్ళు. 2021లో గ్రేట్ ఖలీ చేరాడు. ఖలీ 2007లో ప్రపంచ టైటిల్ గెలిచిన మాట నిజమే. అయినా నా మొదటి రెండు ప్రశ్నలకీ దారాసింగ్‌దే పైచేయి. 1968లో బొంబాయిలో లూ థెజ్ అంతటివాణ్ణి ఓడించిన మనిషాయె!

మూడో ప్రశ్నకు నా ఓటు మాత్రం కింగ్‌కాంగ్‌కి. హంగేరీవాడు, కొండలాంటి శరీరం. దారాసింగ్‌తో అతని పోటీలకు జనం విరగబడేవారు. ఆ కొండను ఎత్తి పడేశాడు కనుకనే దారాసింగ్ మన ఇళ్ళలో సామెత అయ్యాడు. కింగ్‌కాంగ్ 1970లో సింగపూరులో కన్నుమూశాడు.

ఎదుట రావణుడంతటివాడు నిలబడితేనే కదా రామబాణానికి విలువ! గెలిచినవాడికి దండ వేసే చేత్తోనే ఓడినవాడికీ ఒక పీట వెయ్యమంటాను. తప్పంటారా?